రెండు నిమిషాలు ఆగి మాట్లాడితే మీటింగ్‌లో ఏం మారుతుంది

బెంగళూరులో మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా మనవాళ్ళు గట్టిగానే ఉంటారు. నెలకో రెండు నెలలకో ఒక ఆదివారం పొద్దున పదకొండింటికి క్లబ్‌హౌస్‌లో అసోసియేషన్ మీటింగ్ కూడా ఉంటుంది. ప్లాస్టిక్ కుర్చీలు, పని చేసీ చెయ్యని మైకు, వెనక వరసలో ఫోన్ చూసుకునేవాళ్ళు. అజెండాలో ఉన్నది ఒకటే పాయింట్, ఫ్లాట్‌కో వాటర్ మీటర్ పెట్టాలా లేక ఇప్పటిలాగే స్క్వేర్ ఫీట్ లెక్కన ట్యాంకర్ ఖర్చు పంచుకోవాలా అని. పది నిమిషాల్లో అది "మీ ఇంట్లో రోజూ కారు కడుగుతారు కదండీ" దగ్గరికి వస్తుంది, ఇరవై నిమిషాలకి పాత కమిటీ పెయింటింగ్ కాంట్రాక్ట్ దగ్గరికి పోతుంది, అరగంటకి ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య ఏకంగా ఆంధ్రాలో ఏ ప్రభుత్వం బాగా చేసిందనే దాకా వెళ్తుంది. పన్నెండున్నరకి పిల్లలు ఆకలంటారు, ప్రెసిడెంట్ గారు "సరే, నెక్స్ట్ మీటింగ్‌లో చూద్దాం" అంటారు, అంతే.

విచిత్రం ఏంటంటే ఆ కుర్చీల్లో ఉన్నవాళ్ళలో చాలామంది అదే రోజు పొద్దున ఆరింటికి శ్వాస మీద ధ్యాస పెట్టి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చుని లేచినవాళ్ళే. కొందరు యాప్ పెట్టుకుంటారు, కొందరు వీకెండ్‌కి కనకపుర రోడ్డులో ఆశ్రమాలకో పిరమిడ్ వ్యాలీకో వెళ్ళొస్తారు. మరి ఆరింటికి ఉన్న ఆ ఏకాగ్రత పదకొండింటికి ఎటు పోయింది? ధ్యానం అబద్ధమా? అది కాదు గానీ, కళ్ళు మూసుకుని ఒంటరిగా చేసే పని, పదిమందిలో కళ్ళు తెరిచి చెయ్యాల్సిన పని ఒకటే అని మనం అనుకోవడం దగ్గర తేడా కొడుతుంది.

ముందు మాటలు ఎలా నడుస్తాయో చూద్దాం. ఒకరి మాట అయిపోయి ఇంకొకరి మాట మొదలయ్యే మధ్యలో ఎంత గ్యాప్ ఉంటుందని 10 భాషల్లో కొలిచి 2009లో ఒక స్టడీ వేశారు, సగటున 200 మిల్లీసెకన్ల చుట్టుపక్కల తేలింది, అంటే సెకనులో ఐదో వంతు, జపనీస్‌లో ఇంకా తక్కువ, డేనిష్‌లో కాస్త ఎక్కువ. ఇంకోపక్క ఒక్క పదం మనసులో తయారై నోటిదాకా రావడానికే 600 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే తేలేది ఒకటే, అవతలివాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే మన జవాబు లోపల వండుకోవడం మొదలైపోతుంది. ఇది చెడ్డ అలవాటేం కాదు, ఇలా లేకపోతే కబుర్లే నడవవు. గొడవ ఉన్న విషయంలోనే ఇది కొంప ముంచుతుంది, ఎందుకంటే జవాబు వండే పనిలో ఉన్న చెవికి వాక్యం రెండో సగం ఎక్కదు.

దీనికి తోడు మన భాషలో క్రియ చివర్లో వస్తుంది, కాదు, లేదు, వద్దు అన్నీ తోకలోనే. "మీటర్లు పెట్టొద్దని నేను అనట్లేదు" అని ఒకావిడ మొదలుపెడితే "పెట్టొద్దని" దగ్గరే అవతలాయన లేచి నిలబడతాడు, చివరి "అనట్లేదు" మైకు దాకా వచ్చేసరికి ఆయన ఆల్రెడీ సగం స్పీచ్ ఇచ్చేసి ఉంటాడు. కన్నడ, తమిళం కూడా ఇలాగే తోక భాషలు కాబట్టి బెంగళూరు మీటింగుల్లో ఈ తమాషా మూడు భాషల్లోనూ చూడొచ్చు.

ఇప్పుడు ధ్యానం దగ్గరికి. శ్వాసని గమనిస్తాం, మనసు పక్కకి పోతుంది, పోయిందని తెలుస్తుంది, వెనక్కి తెస్తాం. ఇందులో చాలామంది మొదటి మెట్టే ధ్యానం అనుకుంటారు గానీ అసలు కసరత్తు మూడో మెట్టులో ఉంది, పోయిందని తెలియడంలో. చర్చలో దీన్ని వాడాలంటే శ్వాస ప్లేసులో ఎదుటి మనిషి మాట పెట్టుకోవాలి, అంతే తేడా. ఆయన వాక్యం వింటున్నాం, మన జవాబు లేచింది, లేచిందని తెలిసింది, దాన్ని తిట్టకుండా పక్కన పెట్టి మళ్ళీ ఆయన వాక్యం దగ్గరికి వచ్చాం. వినడానికి చిన్నదే, చేసి చూస్తే చుక్కలు కనిపిస్తాయి.

దగ్గర్నుంచి చూడాలంటే 2024 మే మొదటి వారంలో బి.టి.ఎం. లేఅవుట్‌లో ఏ తెలుగు పీజీ కింద దోసె బండి దగ్గర నిలబడినా సరిపోయేది. మే 13న ఆంధ్రాలో పోలింగ్, బస్ టికెట్లు మూడింతలయ్యాయని ఏడుస్తూనే ఎవరి పార్టీకి వాళ్ళు లెక్కలు కడుతున్న రోజులవి. ఒకడు "రేయ్, ముందు మీ ఊరి రోడ్డు చూసి మాట్లాడరా" అంటాడు, రెండోవాడికి చెవులు వేడెక్కుతాయి, కాలు ఊగడం మొదలవుతుంది, చెయ్యి దానంతటదే జేబులో ఫోన్ మీదికి పోతుంది, రెండేళ్ళ కిందటి వీడియో ఒకటి వెతికి మొహం మీద పెట్టాలి కదా. ఆ వెతికే నలభై సెకన్లలో మొదటివాడు ఏం చెప్పాడో వీడికి ఒక్క ముక్క ఎక్కదు, అడిగినా చెప్పలేడు. చెవి వేడి, కాలు ఊపు, ఫోన్ మీదికి చెయ్యి, ఈ మూడూ పొద్దున ధ్యానంలో మోకాలి నొప్పి లాంటివే, గమనిస్తే గుర్తులు, గమనించకపోతే లాక్కెళ్ళిపోతాయి. బర్మా బౌద్ధ ధ్యానమైన విపస్సన పద్ధతుల్లో కొన్నిట్లో వచ్చిన దానికి "కోపం, కోపం" అని లోపలే పేరు పెట్టమంటారు, ఉత్త చాదస్తంలా అనిపిస్తుంది గానీ 2007లో బ్రెయిన్ స్కాన్లు తీస్తే భావానికి మాటలో పేరు పెట్టినప్పుడు భయం, కోపాల దగ్గర పని చేసే అమిగ్డలా చురుకు తగ్గినట్టు కనిపించింది.

మన దగ్గర దీనికి పాత పేర్లే ఉన్నాయి. న్యాయం అనే మన పాత తర్కశాస్త్రం చర్చని మూడు రకాలు చేసింది, నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాడిది కూల్చడానికే చేసేది వితండ. మనం రోజూ విసుక్కుంటూ వాడే "వితండవాదం" అక్కడి నుంచి వచ్చిందే. వాదం చేసేవాడు ముందు పూర్వపక్షం చెప్పాలి, అంటే ఎదుటివాడి వాదనని ముందు తను వినిపించి ఆ తర్వాతే దాని మీద జవాబు మొదలుపెట్టాలి. అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1951లో దాదాపు ఇదే రూల్ పెట్టాడు, గొడవలో ఎవరైనా మాట్లాడే ముందు అంతకు ముందు మాట్లాడిన మనిషి చెప్పిందీ, ఆ మనిషికి అనిపిస్తున్నదీ, అవును అదే అని వాళ్ళే ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి, అప్పుడే తన వంతు. దోసె బండి దగ్గర ఈ రూల్ పెడితే రాత్రి ఒంటిగంట దాటుతుంది గానీ పది వాదనలు అనుకున్నవి చివరికి రెండే అని తేలుతుంది, మిగతా ఎనిమిదీ చెవికెక్కని తోకలు.

ఏకాగ్రత అన్న మాట మీద ఒక పేచీ ఉంది, అది వదిలేస్తే కుదరదు. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా ఏకాగ్రతకీ అవధానానికీ తేడా చెప్తూ వచ్చారు. ఏకాగ్రత ఒకదాని మీద నిలబడాలని మిగతావన్నీ బయటికి నెట్టేస్తుంది, అవధానం దేన్నీ నెట్టదు, బయట కాకి అరుపూ లోపల విసుగూ రెండూ అందులోనే ఉంటాయి. చర్చకి ఈ తేడా చాలా పెద్దది. తన పాయింట్ మీద బ్రహ్మాండమైన ఏకాగ్రత ఉన్న మనిషి మీటింగ్‌కి వరం కాదు, నరకం, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనేవాడికి ఫోకస్ తక్కువై కాదు కదా. కృష్ణమూర్తితో ఏళ్ళ తరబడి మాట్లాడిన ఫిజిసిస్ట్ డేవిడ్ బోమ్ తర్వాత దీన్ని గుంపులోకి తెచ్చాడు, ఇరవై నుంచి నలభై మంది గుండ్రంగా కూర్చుని, అజెండా లేకుండా, ఎవరి అభిప్రాయాన్ని వాళ్ళు అణచకుండా అలాగని దాని వెంట పరుగెత్తకుండా గాల్లో నిలబెట్టి చూడటం. బాగుంటుంది, కానీ బోమ్ పద్ధతిలో నిర్ణయం తీసుకోకూడదు, అది అందులోనే రూల్. ట్యాంకర్‌వాడికి రేపు ఎంత కట్టాలో అది చెప్పదు.

నిర్ణయాల మీద పరీక్షలేం చెప్తున్నాయంటే, కుందేలు కాళ్ళ విషయంలో కొంత ఆశ ఉంది. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో పదిహేను నిమిషాలు శ్వాస ధ్యానం చేసినవాళ్ళు, ఇప్పటికే పోసిన డబ్బు పోతుందని నష్టపు పనిని పట్టుకు వేలాడటం తగ్గింది. పాత కమిటీ మొదలుపెట్టిన పనిని "అంత పెట్టాం కదా" అని లాగే అసోసియేషన్లకి ఇది సూటిగా తగులుతుంది. కానీ నాణేనికి రెండో వైపు కూడా అదే పరిశోధకుల్లో ఒకరి పేరు మీదే 2022లో వచ్చింది, తప్పు చేసినవాళ్ళకి ధ్యానం చేయిస్తే గిల్ట్ తగ్గుతుంది, దాంతో ఆ తప్పు సరిదిద్దుకోవాలనే తపన కూడా తగ్గుతుంది. 2021లో ఇంకో టీమ్ చూస్తే, తమని నలుగురితో కలిపి చూసుకునేవాళ్ళు ధ్యానం తర్వాత సాయానికి ఇంకా ముందుకొచ్చారు, తమ పని తాము చూసుకునే రకం ఇంకా వెనక్కి తగ్గారు. అంటే ధ్యానం మనిషిని మంచివాడిగా మార్చే మందేం కాదు, ఉన్నదాన్ని పెంచుతుంది అనుకోవడం సేఫ్. ఇవన్నీ ల్యాబుల్లో చేసినవి, క్లబ్‌హౌస్‌లో కాదు, అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

ధ్యానాన్ని నేరుగా రాజకీయంలోకి తెచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. బ్రిటన్ పార్లమెంట్‌లో 2013 నుంచి ఎంపీలకి, లార్డులకి మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులు నడిపారు, అన్ని పార్టీల గ్రూప్ 2015లో రిపోర్ట్ కూడా ఇచ్చింది. ఆ తర్వాత ఏడాదికే బ్రెగ్జిట్ వచ్చింది, ఆ సభలో కేకలు ఎంత తగ్గాయో టీవీ చూసినవాళ్ళకి తెలుసు. అదే దేశంలో 1992 ఎన్నికల్లో మహర్షి మహేశ్ యోగి అనుచరుల నాచురల్ లా పార్టీ మూడొందలకి పైగా సీట్లలో పోటీ చేసి అన్ని చోట్లా డిపాజిట్ పోగొట్టుకుంది, మన ఆంధ్రాలోనూ ధ్యానం ప్రచారం చేసే పిరమిడ్ పార్టీ ఆఫ్ ఇండియా బ్యాలెట్‌లో కనిపించేది. ధ్యానాన్ని మేనిఫెస్టోలో పెట్టడం వేరు, మాట్లాడే తీరులో పెట్టడం వేరు, వీళ్ళది మొదటిది. బర్మా ఉదాహరణ ఇంకా బరువైంది. స్వతంత్ర బర్మా మొదటి అకౌంటెంట్ జనరల్ ఊ బా ఖిన్ తన ఆఫీసులోనే స్టాఫ్‌కి విపస్సన నేర్పాడు, ఆయన శిష్యుడు గోయెంకా 1969లో ఇండియాకి తెచ్చిందే ఇవాళ మనకి తెలిసిన పది రోజుల కోర్సు. మామూలు జనం ఇంత పెద్ద ఎత్తున ధ్యానం చేసే ఆ దేశంలోనే 1962లో సైన్యం గద్దెనెక్కింది, 2021లో మళ్ళీ ఎక్కింది. ఒక్కొక్కరి మనసు కుదురుగా ఉంటే గుంపు నిర్ణయం దానంతటదే కుదురుతుందన్న లెక్క అక్కడ తప్పని తేలిపోయింది.

ఎందుకంటే గుంపుకి గుంపు రోగాలు వేరే ఉన్నాయి. మనలో అన్నిటికన్నా పెద్దది మొహమాటం. 1951లో సైకాలజిస్ట్ సాలమన్ ఆష్ గీతల పొడవు పోల్చమని చిన్న పరీక్ష పెట్టాడు, ముందే మాట్లాడుకున్న జనం అందరూ కళ్ళెదుటే తప్పు గీతని చూపిస్తే, ఆ తప్పు రౌండ్లలో సుమారు మూడో వంతు జవాబుల్లో అసలు మనిషి కూడా వాళ్ళతో కలిసి తప్పే చెప్పాడు. పక్కన ఒక్కడు కరెక్ట్ చెప్పినా చాలు ఆ లొంగుబాటు బాగా పడిపోయింది. బెంగళూరు మంత్రం "స్వల్ప అడ్జస్ట్ మాడి", అంటే కాస్త సర్దుకోండి, రోడ్డు మీద ఎంత హాయో మీటింగ్‌లో అంత ప్రమాదం. రెండోది, 1985లో స్టాసర్, టైటస్ అనే సైకాలజిస్టులు చూపించినది, గుంపు ఎప్పుడూ అందరికీ తెలిసినదే మళ్ళీ మళ్ళీ మాట్లాడుకుంటుంది, ఒక్కరికే తెలిసిన ముక్క బయటికి రాదు.

వాటర్ మీటర్ల సంగతే చూడండి. కమిటీ దగ్గర కొటేషన్ ఫ్లాట్‌కి ఒక మీటర్ లెక్కన ఉంటుంది, గంట సేపు దాని మీదే కొట్టుకుంటారు. వెనక వరసలో కూర్చున్న గ్రౌండ్ ఫ్లోర్ ఆవిడ పోయినేడాది బాత్‌రూమ్ పగలగొట్టించి మళ్ళీ కట్టించుకుంది, ఒక్కో ఫ్లాట్‌లోకి నీళ్ళు ఒకే పైపులో రావని, కిచెన్‌కి ఒకటి, ఒక్కో బాత్‌రూమ్‌కి ఒకటి, యుటిలిటీకి ఒకటి వేరువేరు లైన్లు దిగుతాయని ప్లంబర్ చూపిస్తే కళ్ళారా చూసింది. అంటే ఫ్లాట్‌కి మూడో నాలుగో మీటర్లు కావాలి, కొటేషన్ మొత్తం తప్పు. ఆవిడ నోరు తెరవదు, "అందరూ పెద్ద పెద్ద ఇంజినీర్లు, వాళ్ళకి తెలియదా" అనుకుంటుంది. పది మంది ధ్యానం చేసినవాళ్ళు ఆ గదిలో ఉన్నా ఆ నాలుగు పైపులు బయటికి రావు, ఆవిడ వంతు అని ఒకటి ఉంటేనే వస్తాయి.

అందుకే పాతకాలం ధ్యానం చేసే గుంపులు మనసుని నమ్మి ఊరుకోలేదు, రూల్స్ రాసుకున్నాయి. అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభ స్పీచ్‌లో ఇదే ఎత్తి చూపారు, బౌద్ధ భిక్షు సంఘాలకి సీటింగ్, తీర్మానం, కోరం, విప్, ఓట్ల లెక్క, బ్యాలెట్, అన్నీ తెలుసని. భిక్షువుల రూల్స్ పుస్తకమైన వినయంలో పెద్ద విషయాలకి తీర్మానం ఒకసారి పెట్టి మూడుసార్లు చాటాలి, ఒప్పుకున్నవాళ్ళు ఊరుకోవాలి, ఒప్పుకోనివాళ్ళు మాట్లాడాలి. మౌనం అర్ధాంగీకారం అన్న మన మాటకన్నా ఇది జాగ్రత్తైన ఏర్పాటు, మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకునే ముందు మూడు ఛాన్సులు. తేలకపోతే పుల్లలతో ఓటింగ్, ఆ పుల్లలు పంచే భిక్షువు ఇష్టం, ద్వేషం, మోహం, భయం ఈ నాలుగిటికీ లొంగనివాడై ఉండాలి.

క్రైస్తవంలో క్వేకర్లు దీనికి దగ్గరగా వస్తారు. 17వ శతాబ్దం ఇంగ్లండ్‌లో పుట్టిన శాఖ, ఇవాళ్టికీ వాళ్ళ బిజినెస్ మీటింగ్ మౌనంతోనే మొదలవుతుంది, ఒకరు మాట్లాడాక కాస్త నిశ్శబ్దం, తర్వాతే ఇంకొకరు, ఓటింగ్ ఉండదు. క్లర్క్ అనే మనిషి సభ ఎటు వచ్చిందో అక్కడే మినిట్ రాసి అక్కడే చదువుతారు, ఇంటికెళ్ళి మెయిల్ చెయ్యడం కాదు, అందరూ సరే అంటేనే అది నిర్ణయం. మన అసోసియేషన్లు ఈ ఒక్క పద్ధతి ఎత్తుకొచ్చినా సగం గొడవలు పోతాయి, మినిట్స్‌లో మేము అన్నది రాయలేదు అనే రెండో నెల రచ్చ ఉండదు కాబట్టి.

కానీ క్వేకర్ల కథలోనే పెద్ద హెచ్చరిక కూడా ఉంది. పెన్సిల్వేనియాలో జర్మన్‌టౌన్ క్వేకర్లు బానిసత్వం తప్పని 1688లోనే కాగితం రాసిచ్చారు, సభ్యులు బానిసల్ని ఉంచుకోకూడదని ఫిలడెల్ఫియా వార్షిక సభ తేల్చింది 1776లో. 88 ఏళ్ళు. ప్రశాంతంగా, ఒకర్నొకరు నొప్పించకుండా, అందరూ ఒకటయ్యేదాకా ఆగుతూ. మధ్యలో 1738లో బెంజమిన్ లే అనే పొట్టి, గూని మనిషి ఆ మౌన సభలోకి వచ్చి, లోపల తొలిచి ఎర్రటి పండ్ల రసం దాచిన పుస్తకాన్ని కత్తితో పొడిచి, బానిసల యజమానుల మీద ఆ ఎరుపు చిమ్మాడు. సభ ఏం చేసింది, అతన్నే వెలేసింది. ఆ గదిలో అందరికన్నా ఎక్కువ ధ్యాస ఉన్నది ఎవరికో ఇప్పుడు చెప్పడం తేలికే. "శాంతంగా మాట్లాడండి సార్" అనే మాట మన మీటింగుల్లో కూడా ఎవరికి చెప్తారో గమనిస్తే తెలుస్తుంది, ఎక్కువసార్లు నష్టపోయినవాడికే చెప్తారు, నష్టపెట్టినవాడికి శాంతం ఆల్రెడీ ఉంటుంది.

గాంధీ గారి సోమవారం మౌనం ఇక్కడే గుర్తొస్తుంది. 1947 జూన్ 2 సోమవారం, దేశ విభజన ప్లాన్ గురించి మాట్లాడటానికి మౌంట్‌బాటెన్ పిలిస్తే ఆయన పాత కవర్ల వెనక పెన్సిల్‌తో రాసి చూపించారు. మౌన వ్రతానికి రెండు మినహాయింపులు పెట్టుకున్నానని, అర్జెంట్ విషయంలో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడటం అందులో ఒకటని, కానీ ఇవాళ మౌనం వదలమని మీరు కోరుకోరని తెలుసు అని. వైస్రాయ్‌కి ఆ మౌనం హాయిగానే అనిపించింది. మౌనం కూడా రాజకీయ చర్యే అని ఇంతకన్నా సూటిగా ఇంకెవరూ చూపించలేదేమో, ఎవరు ఊరుకున్నారన్నదే కాదు, వాళ్ళు ఊరుకోవడం ఎవరికి పనికొచ్చిందన్నది కూడా చూడాలి.

ఇవన్నీ కలిపి మళ్ళీ క్లబ్‌హౌస్‌కి తెస్తే ఏర్పాటు మరీ పెద్దదేం కాదు. ధ్యానం అన్న పేరు అసలు ఎత్తకపోతేనే మంచిది, వేరే మతం వాళ్ళకి ఇబ్బంది, మన మతంలోనే వేరే గురువు వాళ్ళకి ఇంకా ఇబ్బంది. "రెండు నిమిషాలు ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకుందాం" అంటే చాలు, రాసేశాక మొహమాటానికి మార్చుకోవడం కష్టం, ఆష్ పరీక్షలో పక్కవాడి తోడు లాగా ఆ కాగితమే తోడు. తర్వాత ఒక రౌండ్, అందరూ ఒక్కొక్కసారి, మధ్యలో జవాబులు లేవు, ప్రెసిడెంట్ గారు ఆఖర్న, ఎందుకంటే ఆయన ముందు మాట్లాడితే సగం మంది రాసుకున్నది మడిచి జేబులో పెట్టుకుంటారు. వ్యతిరేకించాలనుకున్నవాళ్ళు ముందు పూర్వపక్షం చెప్పాలి, "మీరనేది ఇదే కదండీ" అని. మినిట్ అక్కడే రాసి, అక్కడే చదివి, ఒప్పుకోనివాళ్ళ మాట కూడా అందులోనే. గొంతు పెరిగితే పెరగనివ్వాలి, తోక దాకా విన్నామా లేదా అన్నదే లెక్క. ఎండాకాలం అయితే ఇంత తీరిక ఉండదు, 2024 మార్చిలో బోర్లు ఎండిపోయి, ప్రభుత్వం 12,000 లీటర్ల ట్యాంకర్‌కి ఐదు కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలని రేటు కట్టాక కూడా ట్యాంకర్‌వాడికి పొద్దున ఏడింటికే అవును కాదు చెప్పాల్సిన పరిస్థితి, అలాంటప్పుడు ఇద్దరు ముగ్గురికి అధికారం ఇచ్చి తర్వాత లెక్క అడగడమే దారి.

ఈ రౌండ్‌లో గ్రౌండ్ ఫ్లోర్ ఆవిడ వంతు వస్తుంది, నాలుగు పైపుల సంగతి బయటపడుతుంది, కొటేషన్ వెనక్కి పోతుంది. అయినా ఆ గుండ్రంలో కొన్ని కుర్చీలు అసలు వెయ్యనే వెయ్యలేదు. ఓటు ఓనర్లది, అదే బిల్డింగులో అద్దెకున్న మన బాపట్ల కుర్రాళ్ళు, అనంతపురం ఫ్యామిలీలు మీటింగ్‌కి పిలుపు లేనివాళ్ళు, నీళ్ళు మాత్రం వాళ్ళూ అవే వాడతారు, బిల్లూ వాళ్ళే కడతారు. వచ్చే నెల నుంచి నీళ్ళ ఛార్జీ ఎంతో సాయంత్రం గ్రూప్‌లో మెసేజ్ వచ్చినప్పుడు తెలుసుకుంటారు.